సీ-పెప్టైడ్ రిపోర్టు వచ్చేదాకా

షుగర్ జబ్బు లేని మనిషికి మాటిమాటికీ షుగర్ పడిపోతుంటే, ఆ మనిషి నర్సు కూడా అయితే, ఇంట్లో అమ్మకి రోజూ ఇన్సులిన్ వేసేది తనే అయితే, డాక్టర్లకి అనుమానం రావడంలో తప్పేం లేదు. ఇప్పుడైతే ఇలా అనగలుగుతున్నాను. అప్పట్లో ఒళ్లు మండిపోయింది.

తెల్లవారుజామున చెమటలు, వణుకు, మాట తడబడటం. ఓసారి గాజువాక బస్సులో దిగాల్సిన స్టాపు తెలియక అలాగే కూర్చుండిపోయాను. నోట్లో తీపి పడితే సర్దుకునేది. అలా తిని తిని లావయ్యాను కూడా. మొదట చేరిన ఆసుపత్రిలో నన్నెవరూ ఏమీ అడగలేదు గానీ, స్నానం చేసి వచ్చేసరికి నా హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి ఉంది. దిండు గలీబు తిరగేసి ఉంది. వెతికింది సిరంజి కోసమని నాకొకరు చెప్పాలా!

ఆరిలోవలో చూపించుకున్న ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, మాత్రం తలుపు వేసి నేరుగా అడిగారు. "అమ్మా, ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ తీసుకుంటున్నావా? తీసుకుంటున్నా తిట్టను. అదీ ఒక జబ్బే, దానికీ వైద్యం ఉంది."

సెలవు కోసమో డబ్బు కోసమో కాదు, రోగిగా ఉండటం కోసమే జబ్బు తెచ్చిపెట్టుకునేవాళ్లుంటారు. ఫాక్టీషియస్ డిజార్డర్ అంటారు. మా వైద్యరంగంలో వాళ్లకీ వస్తుంది. "లేదు సార్" అన్నాను. "సరే, రక్తమే చెబుతుంది" అన్నారు.

72 గంటల ఉపవాస పరీక్ష పెట్టారు. రెండో రోజుకే షుగర్ 41కి దిగింది. గ్లూకోజ్ ఎక్కించకముందే రక్తం తీశారు. కిటుకంతా అక్కడే ఉంది. మన క్లోమం ఇన్సులిన్ తయారుచేస్తే దాంతోపాటు సీ-పెప్టైడ్ కూడా రక్తంలోకి వస్తుంది. ఇంజక్షన్ మందులో అది ఉండదు. ఇన్సులిన్ బాగా ఉండి సీ-పెప్టైడ్ అడుగంటితే సూది వేసుకున్నట్టే లెక్క. నాకు రెండూ ఎక్కువే. కొన్ని షుగర్ మాత్రలు మింగినా రెండూ పెరుగుతాయి కాబట్టి, వాటి ఆనవాళ్లకీ పరీక్ష చేయించారు. ఏమీ లేవు. చివరికి ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో క్లోమం మీద శనగ గింజంత గడ్డ కనబడింది. ఇన్సులినోమా, అంటే ఇన్సులిన్‌ని అతిగా తయారుచేసే గడ్డ. చాలావరకు క్యాన్సర్ కాని గడ్డే అది. నాదీ అంతే.

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు షుగర్ 200 దాటింది. అమ్మ మంచం పక్కన చేరి, "నా మందులో వాటాకొచ్చావేటే?" అంది. నవ్వితే కుట్లు లాగుతాయని బతిమాలినా ఊరుకోలేదు.