"ఆటోమేటికా అన్నా?"

కారు అమ్మకానికి పెట్టాక ఫోన్ చేసిన పదిమందిలో ఎనిమిదిమంది ముందు అడిగింది ఇదే. కాదనగానే "సరే అన్నా, చెప్తా" అని పెట్టేసేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు. సాయంత్రం ఆరింటికి హైటెక్ సిటీ నుంచి మియాపూర్ దాకా క్లచ్ తొక్కుతూ వెళ్తే ఎడమ మోకాలే చెప్తుంది సంగతి.

నాది 2012 సెడాన్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, ఆరు గేర్లు. పాత కార్లు కొనే కంపెనీ ఒకటి నేననుకున్న రేటులో సగం చెప్పింది. ఆర్‌సీ గడువు 2027తో అయిపోతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ అని వాళ్ల లెక్క. లెక్క నిజమే, రేటే మింగుడుపడలేదు. సొంతంగా అమ్ముదామనుకున్నా.

టెస్ట్ డ్రైవ్‌లే పెద్ద టెన్షన్. ఒక కుర్రాడు నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుదామన్నాడు. అక్కడ స్పీడు 120 దాటితే చలానా వచ్చేది నా పేరు మీద. వద్దంటే సర్వీస్ రోడ్డులోనే నాలుగో గేరు నుంచి రెండుకు దబాల్న దించాడు. ఇంజన్ అరిచింది, నేను అంతకంటే గట్టిగా అరిచా. ఆ రోజు నుంచి లైసెన్స్ చూపిస్తేనే స్టీరింగ్, అదీ ముందు నేను నడిపి చూపించాకే.

విజయవాడ ఆయనొకరు రేటుకు ఒప్పుకున్నారు. నంబరు ఏపీ 28 కదా, అక్కడ ఇబ్బందేముంటుంది అనుకున్నారట. అది రాష్ట్రం విడిపోకముందు నంబరు, రికార్డు ఉన్నది తెలంగాణలో. ఇక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం) తీసుకెళ్లాలని తెలిసి ఆగిపోయారు.

చివరికి కొన్నది కూకట్‌పల్లి అబ్బాయి. "పొద్దున్నే వస్తా, అప్పటిదాకా స్టార్ట్ చేయకండి అన్నా" అన్నాడు. వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందని నమ్మాకే తాళం అడిగాడు. స్టార్ట్ చేసి మొదటి నాలుగు సెకన్లు చెవి పెట్టి విన్నాడు. ఇంజన్ లోపలుండే టైమింగ్ చైన్ వదులైతే దాని చప్పుడు అప్పుడే తెలుస్తుంది.

"ఆయిల్ ఎంత తాగుతుంది?"

"వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు."

నవ్వాడు. "అస్సలు తాగదంటే అబద్ధమనుకుని వెళ్లిపోయేవాణ్ణి."

నేను చెప్పిన రేటుకు పదిహేను వేలు తగ్గించి బేరం తెంచాం.

ఇక కాగితాలు. పాత చలానాలు కట్టేశా. లోన్ ఎప్పుడో తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోయింది. ఫారం 35 పెట్టి అది తీయించడానికే రెండు వారాలు పట్టింది, ముందే చూసుకోవాల్సింది. తర్వాత ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు. డబ్బు అకౌంట్లో పడ్డాకే తాళాలిచ్చా. డెలివరీ నోట్ మీద తేదీతో పాటు టైం కూడా రాయించా. ఫాస్టాగ్ మూసేయించా. అయినా భయం పోలేదు. ఆర్‌సీలో పేరు మారేదాకా యాక్సిడెంట్ పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనరుదేనని 2018లో సుప్రీంకోర్టే చెప్పింది మరి.

పదకొండో రోజు పేరు మారినట్టు మెసేజ్ వచ్చింది. అప్పటిదాకా రోజూ పడుకునే ముందు నంబరు కొట్టి చలానాలు చూసుకునేవాణ్ణి. నిన్న రాత్రి కూడా అలవాటుకొద్దీ కొట్టా. ఒక్కటీ లేదు.