కోయనివ్వని పూలు

"అవి కోస్తే నేను బతుకమ్మ ఆడనమ్మా" అంది మా అమ్మాయి. కత్తెర, బుట్ట పట్టుకుని గట్టు ఎక్కబోతున్న నేను ఆగిపోయాను.

సెప్టెంబరు వచ్చేసరికి షికాగో శివార్లలో ఖాళీ జాగాలన్నీ పసుపే. తంగేడు దొరకని చోట దాన్నే తంగేడనుకుని సరిపెట్టుకునే తల్లుల్లో నేనూ ఒకదాన్ని. అది గోల్డెన్‌రాడ్ అట. తంగేడుది చిక్కుడు కుటుంబం, దీనిది పొద్దుతిరుగుడు కుటుంబం అట. ఇంత చిన్న పువ్వుకు పొద్దుతిరుగుడుతో చుట్టరికం ఏమిటని నవ్వాను. పిల్ల ఒక రెమ్మను తుంచకుండానే వంచి నా కళ్ల ముందు పెట్టింది. నేను పువ్వనుకున్న గింజంత ముద్ద నిజానికి ఒక గుత్తి: అంచున సన్నని రేకుల పూలు, నడుమ ఇంకా చిన్నవి. ఆకు పొడవునా మూడు ఈనెలుంటే కెనడా గోల్డెన్‌రాడ్, లేదా దాని దగ్గరి చుట్టం. కాడ మధ్యలో గోళీ అంత ఉబ్బు ఉంది. లోపల ఒక ఈగ తాలూకు పురుగు చలికాలమంతా కాపురం ఉంటుందట.

మా ఆయన ఇప్పటికీ ముక్కు మూసుకునే దీని పక్కనుంచి నడుస్తారు. పాపం, దీని పుప్పొడి బరువు, జిగట, గాలికి లేవదు. తుమ్మించేది అదే రోజుల్లో పచ్చగా, ఎవరి కంటా పడకుండా పూసే రాగ్‌వీడ్. అదీ ఈ కుటుంబమే. ఇక గోల్డెన్‌రాడ్ తేనె మెక్సికో వెళ్లే మోనార్క్ సీతాకోకచిలుకలకు దారి బత్తెం. కోయకూడదనడానికి మా పిల్ల చెప్పే కారణం అదే.

పిల్లలకు మన పూలు పరిచయం చేయండని సాటి తల్లులకు తెగ చెబుతుంటాను. నా కూతురికి తంగేడంటే ఫోనులో బొమ్మ. నాకేమో ఇంటి వెనక ఏటేటా పూసేదాని పేరు కూడా తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఎవరిని తప్పుపట్టాలి?

చివరికి దుకాణంలో బంతిపూలు కొన్నాం. "ఇవీ మెక్సికోవేగా" అంది. మా అమ్మమ్మ పెరట్లో పూసినవి మావి కాకుండా ఎలా పోతాయని వాదించాను. ఆ లెక్కన ఇక్కడే పుట్టిన పిల్లకు ఈ గట్టు పూలు సొంతం కావా అని ఎదురడుగుతుందేమోనని వెంటనే మాట మార్చాను.

వచ్చే వేసవికి పెరట్లో గునుగు వేస్తాను, తనివితీరా కోసుకోవడానికి. పక్కనే గోల్డెన్‌రాడ్ కూడా వేయమంటోంది. అది భూమిలోపల పాకి పెరడంతా ఆక్రమిస్తుందని చదివాను. అందుకని ఇంకా ఒప్పుకోలేదు.