మనది ఏదీ అని అడిగాడు

“ఫోను దారి చూపిస్తోంది కదా, ఆ ఉపగ్రహం ఎవరిదైతే మనకేం?” అని సాయంత్రం బావగారు అన్న మాట పదకొండు దాటినా నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆయన ధోరణి మీకు కొత్త కాదు కనుక ఉపోద్ఘాతం అక్కరలేదు. చిన్నవాడు తన ఫోనులో ఉపగ్రహాల జాబితా చూపించే యాప్ పెట్టుకొని, ఒక్కొక్క దాని పక్కనున్న జెండాను చూస్తూ అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ అని వరుసగా చదివి వినిపించాడు. చివర “మనది ఏదీ?” అని నన్ను అడిగాడు. నేను పనిలో ఉండి “అందులో లేదులే” అన్నాను. బావగారు వెంటనే అందుకొని, అమెరికా ఉచితంగా ఇస్తుండగా తక్కినవాళ్లంతా కోట్లు పోసి అదే పని మళ్లీ చేయడం పంతమేనని తేల్చేశారు.

ఉచితం అన్న మాటే నాకు మండించింది. 1983లో దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చివేయగా 269 మంది చనిపోయిన తరువాత, జీపీఎస్ పూర్తయ్యాక దానిని పౌరులకు కూడా అందిస్తామని రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. అలా అందించిన సంకేతాన్ని కూడా 2000 మే నెల మొదటి రోజుల వరకు కావాలనే మసకబరిచి పంపారు. సైన్యానికి అందే కచ్చితత్వం మనబోటివారికి అందేది కాదు, మనకు వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. క్లింటన్ ఆదేశంతో ఆ మసక తొలగింది. ఒక అధ్యక్షుడు ఇచ్చిన దానిని మరొకరు తీసుకోలేరన్న పూచీ ఎక్కడుంది? యూరప్ తన సొంత వ్యవస్థ కోసం పట్టుబట్టినా, 2003లో గెలీలియోలో భాగస్వామిగా చేరిన చైనా అక్కడ తన మాట చెల్లడం లేదని గ్రహించి బైడూను ప్రపంచమంతటికీ విస్తరించినా, వెనుక ఉన్నది ఈ భయమే. దీనిని పంతమనడం ఆ భయాన్ని ఎన్నడూ ఎరగనివారికే చెల్లుతుంది. ఇదంతా బావగారికి ముఖాముఖి చెప్పలేకపోయాను. అక్కయ్య ముఖం చూసి ఊరుకున్నాను.

ఇది రాస్తుంటే నాన్నగారితో గడిపిన ఒక సాయంత్రం కళ్లముందుకు వచ్చింది. 2017 ఆగస్టు 31. శ్రీహరికోట నుంచి ఏడు గంటలకు పీఎస్ఎల్వీ లేచింది. దారి చూపే మన సొంత ఉపగ్రహాల వ్యవస్థ నావిక్‌లోని మొదటి ఉపగ్రహంలో, కాలాన్ని అతి కచ్చితంగా కొలిచే మూడు రుబీడియం గడియారాలూ పాడయ్యాయి కనుక దాని స్థానంలోకి వెళ్లవలసిన ఉపగ్రహం అందులో ఉంది. నాన్నగారు కళ్లజోడు తుడుచుకొని టీవీకి దగ్గరగా కుర్చీ లాక్కున్నారు. మొదటి దశ, రెండవ దశ అన్నీ సవ్యంగానే సాగాయి. కానీ ఉపగ్రహాన్ని గాలి రాపిడి నుంచి కాపాడే ఉష్ణకవచం విడిపోవలసిన చోట విడిపోలేదు. రాకెట్ ఆ బరువును మోస్తూనే పైకి సాగింది, ఉపగ్రహం కవచం లోపలే విడివడి అక్కడే బందీ అయిపోయింది. శాస్త్రవేత్తల ముఖాలను కెమెరా ఒక్కొక్కటిగా చూపించింది. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత “తలుపు తెరుచుకోలేదమ్మా” అని మాత్రం అన్నారు. ఆ రాత్రి ఆయన భోజనం సరిగా చేయలేదు. సొంత బిడ్డ పరీక్ష తప్పినప్పుడు కూడా ఆయన అంత దిగులుపడగా నేను చూడలేదు.

అయితే ఇక్కడిదాకా రాశాక నా వాదన నాకే కొంత సడలుతోంది. ఆ పాడైన గడియారాలు మనం చేసినవి కావు, విదేశం నుంచి కొన్నవి. అలాంటి గడియారాలే గెలీలియోలోనూ కొన్ని ఆగిపోయాయి. ఉపగ్రహం నుంచి సంకేతం మనను చేరడానికి పట్టే కాలాన్ని కొలిచే కదా దూరం లెక్కగడతారు. సెకనులో వందకోట్లవ వంతు తేడా వస్తే ముప్ఫై సెంటీమీటర్ల తప్పు వస్తుంది. గడియారమే అరువుదైతే వ్యవస్థ మాత్రం సొంతదెలా అవుతుంది? జెండా ఒక్కటే చాలదని ఇప్పుడు అనిపిస్తోంది. ఇంకొక సంగతి కూడా ఉంది. గెలీలియో సంకేతం అమెరికా సైనిక సంకేతానికి అడ్డు వస్తుందన్న గొడవ 2004లో ఒప్పందంతో తీరినప్పుడు యూరప్ తన సంకేతపు రూపును మార్చుకుంది. జీపీఎస్ పౌర సంకేతం నడిచే 1575.42 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యానికే (ఫ్రీక్వెన్సీకే) గెలీలియో, ఆ తరువాత కొత్త బైడూ, 2023 మే 29న వెళ్లిన మన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01 కూడా వచ్చి చేరాయి. అన్నేళ్లు పేచీపడినవారు ఒకే పౌనఃపున్యాన్ని పంచుకోవడం వల్ల చిన్నవాడి ఫోనుకు వేర్వేరు జెండాలను కలిపి ఒక్క చుక్కను చూపడం సులువైంది. బావగారి మాటలో ఈ మేరకు నిజముంది, ఒప్పుకుంటున్నాను. 2019 జులైలో గెలీలియో సేవ దాదాపు వారం రోజులు ఆగినప్పుడు కూడా ఫోనులు దారి తప్పకపోవడానికి కారణం పక్కవారి ఉపగ్రహాలే. అయినా పక్కవారు ఉండాలంటే ఎవరో ఒకరు డబ్బు పోసి ప్రయోగించి ఉండాలి కదా, అది మాత్రం ఆయన ఆలోచించలేదు.

ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన రుబీడియం గడియారం ఉంది. నాన్నగారు అది విని ఉంటే ఎంత సంతోషించేవారో. దాని తరువాత 2025 జనవరిలో వెళ్లిన ఎన్‌వీఎస్-02 ఇంజిన్‌కు ఆక్సిడైజర్ అందించే కవాటాలు తెరుచుకోక, చేరవలసిన కక్ష్యకు చేరలేదు. మళ్లీ తెరుచుకోని తలుపే.

చిన్నవాడికి నేనిచ్చిన జవాబు తప్పు. రేపు వాడు లేవగానే సరిదిద్దాలి. మనది ఉంది, మొదట పంపినవి వాడే పౌనఃపున్యాన్ని నీ పాత ఫోను వినలేదు, అందుకే ఆ జాబితాలో కనిపించలేదు అని చెప్పాలి. వాటిలో కొన్నింటి గడియారాలు ఆగిపోయాయని కూడా దాచకుండా చెప్పాలి.