చిన్న కుక్క, ఫ్లీలు, మా కిరాణం దుకాణం

వానలు పడుడు మొదలైతే చాలు, మా దుకాణం కాడికి వచ్చేటోళ్లు కుక్కల ముచ్చట తెస్తరు. "వదినా, మా టామీ రాత్రంత గోక్కుంటనే ఉన్నది, ఏం మందు పొయ్యాలె?" అని. మాది హన్మకొండ కుమార్‌పల్లిల కిరాణం, ఎనుకనే ఇల్లు. ఇంట్ల లడ్డు ఉన్నది, పొమేరియన్ పోలిక, తెల్లటి బొచ్చు, బొచ్చు కంటె ఎక్కువ నోరు. దుకాణంల ఎలుకల కోసం ఒక పిల్లి. రెండిటినీ సాదుకుంట, బియ్యం పప్పులు అమ్ముకుంట, ఈ ఫ్లీలనే రక్తం తాగే సన్నపు పురుగులతోని నేను చాన్నాళ్లు కొట్లాడిన. గిరాకీ నడుస్తుంటే అందరికీ నిలబెట్టి చెప్పుడు కాదు, అందుకే రాస్తున్న.

మొదలు ఆ పురుగేందో చూడుండ్రి. మా బజార్ల అన్నిటినీ గోమార్లే అంటరు. గోమారి చెవుల్ల, కాలివేళ్ల సందుల్ల ఒక్కతాన పట్టుకొని ఉంటది, రక్తం తాగి ఉబ్బుతది. ఫ్లీ అట్ల కుదురుగ ఉండది. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటది, ముదురు గోధుమ రంగు, రెండు పక్కల నొక్కేసినట్టు సన్నం. వెంట్రుకల నడుమ ఉరుకుతది, పట్టబోతే దుంకుతది. రెండూ ఒకటే అనుకుంటే మందు తప్పుతది. గోమార్లకని అమ్మే అమిట్రాజ్ ఫ్లీల మీద పెద్దగ పనిచెయ్యది, చిన్న కుక్కను మాత్రం మత్తెక్కిచ్చి పండబెడతది.

పురుగు కండ్లకు దొరకకపోతే, తోక మొదట్ల, నడుము మీద సన్నపండ్ల దువ్వెనతోని దువ్వి, వచ్చిన నల్లటి నలుసులను తడి తెల్లబట్ట మీద దులుపుండ్రి. మట్టి అయితే మట్టి లెక్కనే ఉంటది. ఫ్లీల మలం అయితే నలుసు చుట్టూ మెల్లగ ఎరుపు గోధుమ రంగు పారుతది. అది లడ్డు రక్తమే, అవి తాగి విడిచింది. మొదటిసారి చూసినప్పుడు మా అత్తమ్మ ఆ బట్ట పట్టుకొని ఇల్లంత తిరిగి అందరికీ చూపిచ్చింది.

ఇగ అన్నిటికంటె ముందు పని, తూకం. కిరాణం వాళ్లం కాబట్టి మాకు అది అల్కగ అయితది. ఎలక్ట్రానిక్ కాంటా మీద టబ్బు పెట్టి సున్నా చేసి, లడ్డును అండ్ల కూసోబెడ్త. (దానికి వేరే టబ్బు ఉన్నది, గిరాకీలు పరేశాన్ కాకుండ్రి.) అది కదులుతుంటే అంకెలు ఊగుతయి. బిస్కెట్ ముక్క ముక్కు ముంగట పట్టుకుంటే మనిషి లెక్క ఆగుతది, అంకె కూడ ఆగుతది. 3 కిలోల 700 గ్రాములు.

ఆ 700 గ్రాములు ఎందుకు చూడాలెనో చెప్త. ఫ్లీలకని నోట్లకు ఇచ్చే అఫాక్సోలానర్ గోలీ రెండు నుంచి నాలుగు కిలోల కుక్కకు ఒక సైజు, నాలుగు దాటి పది కిలోల దాకా ఇంకో సైజు. చిన్నదాంట్ల మందు 11 మిల్లీగ్రాములు, పెద్దదాంట్ల 28. మందుల షాపుల పిలగాడు "చిన్నది అయిపోయిందక్కా, పెద్దది తీస్కపో, ఇంకా గట్టిగ పనిచేస్తది" అన్నడు. మూడు కిలోల చిల్లర కుక్కకు రెండున్నర రెట్ల మందు గట్టితనం అయితదా? వాపస్ ఇచ్చి, చిన్నది వచ్చినంకనే తెచ్చుకున్న. పెద్ద కుక్క గోలీ కోసి ముక్క పెట్టెటోళ్లు కూడ ఉన్నరు, పైసలు మిగులుతయని. గోలీల మందు ప్రతి ముక్కకు సమంగ ఉంటదని ఎవ్వరూ పూచీ ఇయ్యరు. రెండు కిలోలు కూడ లేని కుక్కకు, ఎనిమిది వారాలు నిండని పిల్లకు ఈ గోలీ వద్దు. దువ్వెన, స్నానం, డాక్టర్, అంతే. ఫిట్స్ వచ్చే కుక్క అయితే ఆ ముచ్చట డాక్టర్‌కు ముందే చెప్పాలె. ఈ జాతి మందులతోని కొన్ని కుక్కలకు వణుకు, ఫిట్స్ రావచ్చని అమెరికాల మందుల మీద నిఘా పెట్టే సంస్థ ఎఫ్‌డీఏ 2018ల హెచ్చరిక ఇచ్చింది. దాని అర్థం గోలీ చెడ్డదని కాదు, ఆ కుక్కకు వేరే మందు ఉన్నదని.

మా మరిది పరకాల దిక్కు ఊర్లె ఉంటడు, రెండు బర్లు ఉన్నయి. దసరాకు వచ్చినప్పుడు లడ్డు గోక్కునుడు చూసి, "వదినా, బర్లకు పోసే పురుగుమందు డెల్టామెత్రిన్ పంపిస్త. ఒక మూతెడు బకెట్ల కలిపి ముంచు, తెల్లారేసరికి ఒక్కటుండది" అన్నడు. బర్రె మూడు నాలుగు వందల కిలోలు, దానికీ మూతెడే, దీనికీ మూతెడేనా అని అడిగిన. "జర తక్కువ పొయ్యి" అన్నడు. ఎంత తక్కువ అంటే ఆయనకూ తెల్వది. చిన్న జీవానికి బరువు తక్కువ, ఆ బరువుకు చర్మం ఎక్కువ, అందుకని ఒంటి మీద పోసింది ఎక్కువ లోపటికి పోతది. పైగ లడ్డు తడి ఆరకముందే కాళ్లు, కడుపు అన్నీ నాక్కుంటది. బర్ల మందు బర్ల కొట్టంలనే ఉండనీ అన్న. అలిగిండు గానీ, పండుగ అరిసెలతోని మల్ల మంచిగైండు.

అట్లాంటివి ఇంకా ఉన్నయి. కిరసనాయిలు రుద్దుతరు, చర్మం పొక్కులు లేస్తది, నాకి ఊపిరితిత్తులల్లకు పోతే ఇంకా కష్టం. కొబ్బరినూనెల కర్పూరం కలిపి పెడతరు, దేవుని దగ్గర వెలిగించేదే కదా అని. అది కడుపులకు పోతే కుక్కకు ఫిట్స్ వస్తయి. చీమల చాక్‌పీస్ ఒంటికి గీస్తరు. ఎల్లిగడ్డ తినిపిస్తరు, దాంతోని రక్తకణాలు పగుల్తయి. గమాక్సిన్ (బీహెచ్‌సీ అనే పురుగుమందు) పొడి ఉన్నదా అని ఇప్పటికీ అడిగే పెద్దమనుషులు ఉన్నరు. ఆ బీహెచ్‌సీని 1997లనే మన దేశంల నిషేధించిండ్రు తాతా అంటే, "మీ మామ ఇచ్చేటోడు" అంటరు. వేపాకు నీళ్లను మాత్రం నేనేమనను. నీళ్లకు కొన్ని పురుగులు కొట్టుకపోతయి, కుక్క సాపైతది. అదే మందనుకొని కూసుంటేనే తంటా.

పిల్లి ఉన్న ఇంటోళ్లు ఇంకో మాట వినుండ్రి. కుక్కలకు అమ్మే మందులల్ల పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నయి కొన్ని. కుక్క తట్టుకుంటది, పిల్లి తట్టుకోది, పాణం పోతది. రెండూ ఒక్కతాన పండుకున్నా ప్రమాదమే. పొరపాటున ఏదన్న పోసి, కుక్కకు గాని పిల్లికి గాని చొంగ కారుడు, వణుకుడు మొదలైతే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతోని కడిగి, తువ్వాలల చుట్టి, ఆ మందు డబ్బా చేతుల పట్టుకొని డాక్టర్ కాడికి ఉరకాలె. కక్కిచ్చే పని పెట్టుకోవద్దు. మన దిక్కు పశువుల డాక్టర్లకు కొదువ లేదు, మామునూరుల పశువైద్య కాలేజే ఉన్నది.

నేను లడ్డుకు వానకాలమంత ఫిప్రోనిల్ చుక్కల మందే వాడుత. పది కిలోల లోపు కుక్కకు వచ్చే ట్యూబుల 0.67 మిల్లీలీటర్లు ఉంటది, చూస్తే ఇంతేనా అనిపిస్తది. మెడ ఎనుక, రెండు భుజాల నడుమ, నాలుక అందని కాడ బొచ్చు పాయ తీసి చర్మం మీద పిండాలె. బొచ్చు మీద పడ్డది వేస్టే. చర్మంల ఉండే నూనెతోని అది మెల్లగ ఒళ్లంత పాకుతది. అందుకే దానికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం బంద్. ఆరేదాక పిల్లలు ముట్టొద్దు. స్నానం చేయించే రోజు మొదలు మెడ చుట్టూ సబ్బు నురుగును పట్టీ లెక్క పెట్టుండ్రి, లేకుంటే నీళ్లు పడంగనే ఫ్లీలన్నీ తలకాయకు ఎక్కి కండ్ల కాడ చేరుతయి.

అసలు గోస లడ్డు ఒంటి మీద కంటె ఇంట్ల ఉన్నది. ఆడ ఫ్లీ రోజుకు నలభై యాభై గుడ్లు దాక పెడతది. ఆ గుడ్లు బొచ్చుకు అంటుకోవు, కుక్క నడిచినకాడల్ల రాలుతయి. మామూలుగ చెప్పే లెక్క ప్రకారం ఒక ఇంట్ల ఉన్న మొత్తంల కండ్లకు కనబడే పెద్ద ఫ్లీలు నూటికి అయిదే, మిగిలినయి గుడ్లు, వాటిల నుంచి వచ్చే పిల్ల పురుగులు, అవి ఫ్లీ అయ్యేముందు తమ చుట్టూ కట్టుకునే గూళ్లు. గుడ్డు పగిలి వచ్చిన పురుగుకు వెలుతురు పడది, సందుల్లకు దిగుతది, పెద్ద ఫ్లీల మలంల ఎండిన రక్తం తిని బతుకుతది. మా ఇల్లు పాత షాబాద్ బండలది. బండకు బండకు నడుమ సిమెంట్ లేచిపోయి, చీపురు పుల్ల దిగేంత సందు. ఎండకాలం బయట 42, 43 డిగ్రీల ఎండల ఆ పురుగులు బతకవు, గాలిల తడి లేకున్నా ఎండిపోతయి. ముప్పై లోపు వేడి, ముసురు, తేమ వచ్చినయంటే వాటికి పండుగ. అంటే ఆషాఢం నుంచి దసరా దాక.

దుకాణంల పురుగుమందు కొట్టుడు నాకు కుదరది. బియ్యం, రవ్వ, బెల్లం అన్నీ తెరిచి ఉంటయి. ఇంట్ల ఆడబిడ్డ కొడుకు పాకుతుంటడు, దొరికింది నోట్లె పెట్టుకుంటడు. అందుకే వాక్యూమ్ క్లీనర్ కొన్నం. మా ఆయన మొదలు గులిగిండు, చీపురు లేదా అని. చీపురు గుడ్లను సందుల్లకు నూకుతది, వాక్యూమ్ పైకి గుంజుతది. ఒహాయో స్టేట్ యూనివర్సిటోళ్లు 2007ల పరీక్ష చేసి చూస్తే, వాక్యూమ్‌ల పడ్డ పెద్ద ఫ్లీలల్ల నూటికి 96 చచ్చినయట, చిన్నయి అన్నీ చచ్చినయట. ఇది చదివి వినిపించినంక ఆదివారం వాక్యూమ్ ఆయనే పడుతున్నడు. మంచం కింద, దివాన్ కింద, బీరువా ఎనుక, గోడ అంచులు. నడుమల ఉత్తగ పట్టుడు కాదు, లడ్డు పండుకునే తావులల్ల పట్టాలె.

మా ఇంట్ల పుట్ట ఎక్కడ ఉన్నదంటే, దుకాణంల అర కింద మడిచిపెట్టిన ఖాళీ గోనెసంచులల్ల. పిల్లి పగలంత అండ్లనే పంటది. ఒక సంచి ఎత్తి వాకిట్ల దులిపితే దుమ్ముతోని తెల్లటి సన్నపు పురుగులు వంకర్లు తిరుక్కుంట పడ్డయి. ఆ సంచులన్నీ తీసేసినం. పిల్లికి ఒక ప్లాస్టిక్ ట్రే, అండ్ల పాత తువ్వాల, వారం వారం మరిగే నీళ్లల్ల ఉతుకుడు. పిల్లికి పిల్లుల మందు డాక్టర్‌తోనే ఏపిచ్చినం. కుక్కకు మందేసి పిల్లిని ఇడిసిపెడితే ఏం లాభం, కుక్కలకు పట్టేటిది కూడ ఎక్కువగ పిల్లి ఫ్లీ అనే జాతే.

లడ్డు బొంతను కూడ ఉడుకు నీళ్లల్లనే నానబెడ్త. షత్రంజీలు మాత్రం వరంగల్ కొత్తవాడల నేసినయి, రంగు పోతదని ఉడుకు నీళ్లు పొయ్య. 2018ల జీఐ (ఫలానా ఊరి సరుకే అని ఇచ్చే) గుర్తింపు వచ్చిన నేత అది, ముతక నూలు, పైన బొచ్చు ఉండది. పురుగు దాక్కోనీకె జాగ లేదు. వాక్యూమ్ పట్టి, ఎండ వచ్చిన రోజు మిద్దె మీద పరిస్తే చాలు. మా తోటికోడలు సోఫా కింద మెత్తటి కార్పెట్ ఏసుకున్నది, దాని సంగతి నేను చెప్ప, ఆమె చదువుతది.

ఇగ మనుషులు ఓపిక తప్పేది ఎక్కడనంటే, మందేసిన రెండు మూడు వారాలకు మల్ల ఫ్లీ కనబడతది. "మందు డూప్లికేట్" అంటరు, ఇంకో డోస్ ఏస్తరు, చిన్న కుక్కకు ముప్పు వచ్చేది అప్పుడే. ఫ్లీ గూడు కట్టుకున్నంక దాని మీద దుమ్ము అంటుకొని గట్టి తొడుగైతది, ఏ మందూ లోపటికి దిగది. అండ్ల నెలల తరబడి ఆగుతది. ఇల్లు తాళం పెట్టి మేడారం పోయొచ్చి తలుపు తీస్తే మడిమెల మీద దుంకేటియి అయ్యే. నడక అదురు, ఒంటి వేడి, మన ఊపిరి తగిలితే జీవం వచ్చిందని బయటికి వస్తయి. కొత్తగ వచ్చిన ఫ్లీ లడ్డు మీద ఎక్కితే మందు తగిలి ఒక రోజుల చస్తది. గుడ్లు పెట్టే గడువు దొరకది. అట్ల ఉన్న గూళ్లన్నీ ఖాళీ అయ్యేదాక మూడు నెలలు పడుతదనుకొని కూసోవాలె. నడుమల డోస్ పెంచుడు లేదు, తారీఖు తప్పుడు లేదు. వాక్యూమ్ పట్టేటప్పుడు బండలు అదిరి గూళ్లు పగుల్తయి, అది కూడ మనకు లాభమే.

తగ్గుతున్నయా లేదా చూసుకోనీకె నేను రాత్రి దీపం బుగ్గ కింద తెల్ల పళ్లెంల సబ్బు నీళ్లు పెట్టిపెడ్త. పొద్దుగాల అండ్ల పడ్డయి చూస్తే తెలుస్తది. తెల్ల సాక్సులు ఏసుకొని దుకాణమంత తిరిగినా తెలుస్తది, గానీ గిరాకీలు నవ్వుతరు.

కుక్క ముడ్డి కాడ బియ్యపు గింజల్లాంటియి కనబడితే అవి నులిపురుగులు కావు, ఫ్లీని మింగితే వచ్చే టేప్‌వార్మ్ (బద్దెపురుగు) ముక్కలు. దానికి ప్రాజిక్వాంటెల్ గోలీ, అది కూడ తూకం ప్రకారమే.

ఉద్దెర బుక్కుల లడ్డు పేరు మీద ఒక పేజీ తీసిన. తారీఖు, బరువు, మందు పేరు. డాక్టర్ కాడికి పోయినప్పుడు ఆ బుక్కే పట్టుకపోత. పోయినసారి ఆయన పేజీ తిప్పి, పక్క పేజీల ఎవరి బాకీ ఎంతున్నదో కూడ చదువుకున్నడు.