పాత మోటార్‌హోమ్, కొత్త హీటర్, డోలమైట్స్ చలి

మా మోటార్‌హోమ్, అంటే ఇల్లులా అమర్చిన వ్యాన్, పాతది. ఫియట్ డుకాటో మీద కట్టినది, డ్రైవర్ తలపైన పడక ఉండే రకం. బండితో పాటే వచ్చిన గ్యాస్ హీటర్ ఇంకా బాగానే వెలుగుతోంది. కానీ దాని హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను (మంట వేడిని గాలికి అందించే భాగాన్ని) 30 ఏళ్లకు మార్చి తీరాలని తయారీదారు నియమం. ఆ గడువు దగ్గరపడింది. ఎలాగూ ఖర్చు తప్పదు కాబట్టి డీజిల్ హీటర్ పెట్టించి, గ్యాస్‌ను వంటకీ వేడినీళ్లకీ ఉంచేద్దాం అనుకున్నాం. లెక్క కూడా అలాగే తేలింది. పాత హీటర్ పూర్తి మంట మీద గంటకు 280 గ్రాముల దాకా గ్యాస్ తాగుతుంది. అంటే 11 కిలోల సిలిండర్ రెండు రోజులు కూడా రాదు. డీజిల్ అయితే గంటకు పావు లీటరుకు అటూఇటూ, అదీ బండి ట్యాంకులోంచే. ట్యాంకులోకి దింపే గొట్టాన్ని అడుగుదాకా పోనివ్వకుండా కాస్త పైనే ఆపారు. రాత్రంతా హీటర్ తిరిగినా పొద్దున్న బంకు దాకా వెళ్లేంత ఇంధనం మిగులుతుంది.

5 కిలోవాట్లది పెట్టించమని చాలామంది చెప్పారు. మేం 2 కిలోవాట్లదే తీసుకున్నాం. పెద్ద హీటర్ ఎప్పుడూ సన్న మంట మీదే నడిస్తే లోపల మసి పేరుకుంటుంది. చిన్నది గట్టిగా పనిచేస్తూ శుభ్రంగా ఉంటుంది.

దాన్ని పరీక్షించాలంటే చలిలోకి వెళ్లాలి కదా! ఫిబ్రవరిలో బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీ వైపు డోలమైట్స్ కొండల్లోకి బయలుదేరాం. బ్రెన్నర్ ఎత్తు 1,370 మీటర్లు. విశాలమైన హైవే, వరసగా లారీలు, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. దిగాక పక్క లోయల్లోకి తిరిగాకే అసలు కొండలు కనిపించాయి. నిటారుగా లేచిన రాళ్లు సాయంత్రం ఎండకి గులాబీ రంగుకి తిరిగాయి. మేం కనజేయి అనే ఊరు చేరేసరికి ఆ రంగు పోయి చలి దిగింది.

హీటర్ ఆన్ చేశాం. ఫ్యాన్ తిరిగింది, డీజిల్‌ను అంటించే గ్లో ప్లగ్ వేడెక్కింది, డీజిల్ పంపు టిక్కు టిక్కుమని మొదలెట్టింది. ఆ చప్పుడు పక్క బండివాళ్లని నిద్రపోనివ్వదేమోనని టెన్షన్ పడ్డాను కానీ, రబ్బరు పట్టీతో వేలాడదీయడం వల్ల బయటికి పెద్దగా వినిపించలేదు. పది నిమిషాల్లో లోపల కోటు విప్పేశాం.

"ఏవండీ, తలకి చెమట పడుతోంది, కాళ్లు మాత్రం మంచులో పెట్టినట్టున్నాయి" అంది మా ఆవిడ. నిజమే. హీటర్ సోఫా కింద ఉంది, దాని సెన్సర్ కూడా అక్కడే. సోఫా కింద గాలి వేడెక్కగానే, ఇల్లంతా వేడెక్కింది అనుకుని మంట తగ్గించేస్తోంది. సెన్సర్‌ను వైరుతో గోడమీదికి, కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తుకి తెచ్చాక కొంత కుదిరింది. మిగతా చలి డ్రైవర్ క్యాబిన్‌ది. అక్కడి అద్దాలన్నీ ఒంటి పొర. లోపల తెర కడితే తెర వెనక అద్దం చెమ్మగిల్లి, పొద్దునకి గడ్డకడుతుంది. బయటినుంచి కప్పే మందపాటి చాపలాంటి కవరు వేస్తే అద్దమే కాస్త వెచ్చగా ఉండి చెమ్మ పట్టదు. మంచులో నిలబడి దాన్ని బిగించడం ఎవరికీ ఇష్టమైన పని కాదు, అయినా వేసి తీరాలి.

తెల్లవారుజామున బండి కింద నీళ్ల చప్పుడు. నీళ్లు కాచే బాయిలర్‌కి ఒక భద్రతా వాల్వ్ ఉంటుంది. చుట్టూ ఉష్ణోగ్రత 3 డిగ్రీల దరిదాపులకి పడిపోతే, నీళ్లు గడ్డకట్టి బాయిలర్ పగలకుండా అదే తెరుచుకుని పది లీటర్లూ వదిలేస్తుంది. లోపల 20 డిగ్రీలు ఉండగా అదెలా తెరుచుకుంది? ఆ వాల్వ్ ఉన్న అర పాత గ్యాస్ హీటర్ పక్కనే ఉంది. ఇన్నేళ్లూ ఆ హీటర్ వేడే దాన్ని కాపాడింది. మేం హీటర్ తీసేయగానే ఆ మూల అనాథ అయింది. బండి కట్టినవాళ్లు నీళ్ల పైపులు, ట్యాంకు, అరలు అన్నీ ఆ పాత హీటర్ ఎక్కడుందో చూసుకునే అమర్చారని అప్పుడు అర్థమైంది. కొత్త హీటర్ ఎన్ని కిలోవాట్లు అన్నదానికంటే, పాతది ఏ ఏ మూలలను వెచ్చగా ఉంచేదో కనుక్కోవడమే ముఖ్యం. ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇదే. ఆ రోజు వేడిగాలి పోయే డక్ట్ పైపుకి T ఆకారపు ముక్క ఒకటి తగిలించి, సన్న పాయ ఒకటి ఆ అరలోకి తిప్పాను. మర్నాడు వాల్వ్ కదల్లేదు.

తర్వాత పోర్దోయి కనుమ ఎక్కాం, 2,239 మీటర్లు. అంత ఎత్తులో గాలి దాదాపు ఐదో వంతు పలచన. పంపు అదే లెక్కన డీజిల్ పోస్తే సరిగా మండక మసి కడుతుంది. మా హీటర్‌లో ఎత్తును పసిగట్టే సెన్సర్ ఉంది. పంపు చప్పుడు నెమ్మదించింది, పొగ రంగు మారలేదు. అయినా కిందికి దిగాక అరగంటసేపు పూర్తి మంట మీద నడిపాను. పైన బండి ఆపినప్పుడు హీటర్ ఎగ్జాస్ట్ గొట్టం మూతి మంచులో కూరుకుపోలేదని వంగి చూడటం మర్చిపోకూడదు. పొగ వెనక్కి తన్ని లోపలికి వస్తే కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసన ఉండదు. పడక దగ్గర అలారం అందుకే.

ఇక మిగిలిన బెంగ బ్యాటరీ. గ్యాస్ హీటర్ ఫ్యాన్ లేకుండా కూడా వెచ్చబెట్టేది, డీజిల్ హీటర్‌కి కరెంటు లేనిదే ఊపిరి ఆడదు. వెలిగించేటప్పుడు కొన్ని నిమిషాలు పది యాంపియర్ల దాకా లాగుతుంది. చలికి లెడ్ బ్యాటరీ సత్తా తగ్గుతుంది, పైన సోలార్ ప్యానెల్ మీద మంచు. వోల్టేజి మరీ పడిపోతే హీటర్ తనంతట తానే ఆగిపోతుంది. గ్యాసా డీజిలా అని వాదించుకునేవాళ్లు ముందు బ్యాటరీ సంగతి తేల్చుకుంటే మంచిది. మేం వచ్చే చలికాలంలోపు లిథియం బ్యాటరీ వేయిస్తాం. సున్నా కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు కాబట్టి, చోటు కూడా ఖాయం చేసుకున్నాం: సోఫా కింద, హీటర్ డక్ట్ పోయే వైపు.