విడాకుల డిక్రీ బ్యాంకుకు పట్టదు

మాది చిత్తూరు. పెళ్లయ్యాక తిరుపతిలో కాపురం. నేను ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను, ఆయనది మార్కెటింగ్ ఉద్యోగం. ఎందుకు విడిపోయామన్నది రాయను. రాసినా అది ఒకవైపు కథే అవుతుంది. డబ్బు సంగతి మాత్రం రాస్తాను. విడాకులనగానే భరణం ఎంత, పాప ఎవరి దగ్గర అని అందరూ అడిగారు. ఇద్దరి పేర్లూ కలిసి ఉన్న కాగితాలు ఎన్ని ఉన్నాయని అడిగింది మా లాయరు ఒక్కరే.

మొదట పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టి, సొమ్ములు ఇచ్చిపుచ్చుకుంటే సరిపోతుందని మా పెదనాన్న పట్టు. "కోర్టుకు పోతే పరువు పోతాది మే" అన్నాడు. లాయరు ససేమిరా అన్నారు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి రద్దు కావాలంటే కోర్టు డిక్రీ కావాలి. కుల ఆచారం ప్రకారం విడిపోయామంటే ఆ ఆచారం ఉందని రుజువు చేసుకోవాలి. స్టాంపు పేపర్ని నమ్మి ఎవరైనా రెండో పెళ్లి చేసుకుంటే అసలు గొడవ అప్పుడు మొదలవుతుంది.

ఈలోగా ఆయనే విడాకుల పిటిషన్ వేశారు. నేను పాపకూ నాకూ మధ్యంతర భరణం అడిగాను. అక్కడే కథ మలుపు తిరిగింది. 2020లో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది: భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అన్నీ అఫిడవిట్‌లో చూపాలి. నా జీతం, నా పేరిట ఉన్న డిపాజిట్ నేనూ చూపాల్సి వచ్చింది. ఆయన అఫిడవిట్ చదివాకే నాకు తెలిసిన విషయాలు రెండున్నాయి. ఒకటి, పర్సనల్ లోన్. రెండోది, చీటీ. చీటీ ఉందని తెలుసు, ష్యూరిటీ సంతకం నాదే. కానీ దాన్ని అప్పటికే పాడుకుని డబ్బు తీసేసుకున్నారని తెలియదు. అంటే కంతులు ఆగితే కంపెనీవాళ్లు నా జీతం మీదకు వస్తారు.

విచిత్రం ఏమిటంటే, ఆ అఫిడవిట్ల తర్వాతే మా మధ్య కాస్త మాట కుదిరింది. అంతవరకూ వాళ్లు ఎంతో దాచారని మేము, మేము దాచామని వాళ్లు. అంకెలు బల్ల మీదకు వచ్చాక అరవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆయన తన పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. అదే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద పరస్పర అంగీకారంతో ఇద్దరం కలిసి వేశాం. దానికి కనీసం ఏడాది విడిగా ఉండాలి, అది ఎప్పుడో దాటింది.

ఈ దారిలో ఇద్దరం కోర్టు ముందు రెండుసార్లు అంగీకారం చెప్పాలి, వాటినే మోషన్లు అంటారు. మొదటి మోషన్‌కూ రెండో మోషన్‌కూ మధ్య ఆరు నెలలు ఆగాలి. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, తగిన కారణాలుంటే కోర్టు దాన్ని మాఫీ చేయవచ్చు. మాకు అర్హత ఉన్నా అడగలేదు. అడగమని ఇంట్లో అందరూ ఒత్తిడి చేశారు కానీ, నాకైతే ఆ ఆరు నెలలూ అవసరమే అనిపించింది. ఎందుకంటే ఫ్లాటు తేలాలి.

కరకంబాడి రోడ్డులోని ఆ ఫ్లాటు ఇద్దరి పేరిట, లోనూ ఇద్దరి పేరిట. ఫ్లాటు ఆయన ఉంచుకుని నా వాటాకు డబ్బిచ్చేలా ఒప్పందం. లోన్ ఆయనే కడతారని కూడా అందులో రాశాం. ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకు వెళ్తే మేనేజర్ నవ్వారు. "ఇది మీ ఇద్దరి మధ్య ఒప్పందం అమ్మా, మాతో కాదు" అన్నారు. డిక్రీ వచ్చినా అంతే. లోన్ తీరేదాకా కో-బారోవర్‌గా, అంటే కలిసి అప్పు తీసుకున్న మనిషిగా, నా బాధ్యత పోదు. ఆయన ఒక్క ఈఎంఐ ఎగ్గొట్టినా నా సిబిల్ స్కోరు పడిపోతుంది. పేరు తీసేయాలంటే ఆయన జీతం ఒక్కదానితో ఆ లోన్ నడుస్తుందని బ్యాంకు ఒప్పుకోవాలి. పర్సనల్ లోన్ వల్ల అది కుదరలేదు. చివరికి వాళ్ల తమ్ముడు కో-బారోవర్‌గా వచ్చాక కుదిరింది.

ఇంకో తిరకాసు. నా వాటా ఎప్పుడు రాసివ్వాలి? డిక్రీకి ముందైతే ఇంకా భార్యాభర్తలమే కాబట్టి, కుటుంబసభ్యుల మధ్య దస్తావేజులకు స్టాంపు డ్యూటీలో ఉండే తగ్గింపు వర్తిస్తుంది. కానీ 13బిలో డిక్రీ అయ్యేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. నేను సంతకం పెట్టాక ఆయన మనసు మారితే? నాకు నిద్రపట్టని టెన్షన్ ఇదే. లాయరు వరస చెప్పారు: సగం డబ్బు మొదటి మోషన్ రోజే, మిగతాది డీడీగా రెండో మోషన్ రోజు కోర్టులో. రిజిస్ట్రేషన్ రెండో మోషన్‌కు కాస్త ముందు, అదీ బ్యాంకు నుంచి లోన్ మార్పు లెటర్ చేతికొచ్చాకే. ఎవరి మంచితనం మీదా ఆధారపడని వరస అది.

సొమ్ముల లెక్క మా అమ్మ తేల్చింది. పెళ్లి ఆల్బమ్ ముందు పెట్టుకుని, ఫోటోలో కనిపించే ప్రతి నగా ఎన్ని సవర్లో, ఎవరు పెట్టిందో పక్కన రాసింది. అత్తగారివైపు వాళ్లు నాకు పెట్టినవీ నా స్త్రీధనమేనని లాయరు చెప్తే వాళ్లు మొహం మాడ్చుకున్నారు. హారం ఆయన పేరిట గోల్డ్ లోన్‌లో ఉంది. విడిపించి ఇచ్చాకే రసీదు మీద సంతకం పెట్టాను.

నా భరణం హక్కు ఫ్లాటు వాటా కింద వచ్చిన డబ్బుతో సరి అని రాసిచ్చాను. పాపది రాయలేదు. బిడ్డ పోషణ హక్కును తల్లి వదులుకున్నా చెల్లదు. నెలనెలా పాప ఖాతాలోకి వస్తోంది.

చీటీకి మాత్రం నా బదులు వేరే ష్యూరిటీ కావాలన్నారు, అదీ గవర్నమెంటు ఉద్యోగి శాలరీ సర్టిఫికెట్‌తో. ఆయన స్నేహితుడు ఒకరు ముందుకొచ్చారు. నన్ను తప్పించినట్టు కంపెనీ స్టాంపుతో లెటర్ తీసుకున్నాను.

డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీలు కాస్త ఎక్కువే తీసుకోండి, ప్రతిచోటా అడుగుతారు. విడాకులైనంత మాత్రాన పీఎఫ్‌లో, ఎల్‌ఐసీలో నామినీ పేర్లు వాటంతటవే మారవు. పాప పేరు పెట్టి, మైనర్ కాబట్టి ఆ డబ్బు తీసుకోవడానికి మా అమ్మ పేరు రాయించాను. మా వార్డు సచివాలయంలో మాత్రం ఎవరెవరు ఏ కుటుంబమో చూపే మ్యాపింగ్‌లో ఇప్పటికీ మేమిద్దరం ఒకే కుటుంబం. అర్జీ పెండింగ్‌లో ఉందట.