చెరువు చేప, చింతపండు పులుసు

వేసవిలో చెరువు నీరు తగ్గి, మత్స్యకారుల సంఘాలవారు వలలు దించే రోజుల్లో, వరంగల్, ములుగు ప్రాంతాల ఊళ్లలో పొద్దు పొడవకముందే చెరువు కట్టమీద జనం గుమిగూడతారు. అప్పుడే నీటిలోనుంచి తీసిన చేపను ఇంటికి తెచ్చుకొని వండుకొనే అవకాశం నగరంలో స్థిరపడినవారికి అరుదుగా దొరుకుతుంది. ఊరికి వెళ్లినప్పుడు నేను ఆ వంటను మా నాయనమ్మ పద్ధతిలోనే చేస్తాను. చెరువు చేప రుచి సగానికి పైగా పొయ్యి వెలిగించకముందే, కడగడంలోనూ కోయడంలోనూ తేలిపోతుందని నా గట్టి నమ్మకం. ఆ పని శ్రద్ధగా జరిగితే మసాలాలతో పెద్దగా అవసరముండదు. అది సరిగ్గా జరగకపోతే ఎంత మసాలా వేసినా ఫలితముండదు.

చెరువులో దొరికే వాటిలో మా ఇంట్లో కొర్రమీనుకే పెద్దపీట. తెలంగాణ రాష్ట్ర చేప కూడా ఇదే. దీని మాంసంలో బొచ్చె, రోహు చేపల్లో ఉండే సన్నని ముళ్లు ఉండవు. వెన్నుముల్లు తీసేస్తే పిల్లలకైనా భయం లేకుండా పెట్టవచ్చు. ఈ చేపకు మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చుకొనే అవయవం కూడా ఉంటుంది కాబట్టి, ఒంటిమీద తడి ఆరకుండా చూస్తే నీటి బయట కూడా గంటల తరబడి బతుకుతుంది. అంగళ్లలో దీనిని తొట్లలో ప్రాణంతో అమ్మగలుగుతున్నది అందువల్లనే. అయితే అదే కారణంగా, పైకి వచ్చి గాలి పీల్చుకొనే వీలు లేకపోతే నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చనిపోతుంది. కాబట్టి ఇంటికి తెచ్చిన కొర్రమీనును బకెట్టులో ఉంచేవారు నీళ్లు సగం వరకే పోసి, గాలి ఆడే జల్లెడ మూత పెట్టి, దానిమీద ఒక బరువు ఉంచాలి. బరువు లేకపోతే ఒక్క ఎగురుతో అది వాకిట్లో ఉంటుంది.

అలా బకెట్టులో ఒకటి రెండు రోజులు ఉంచి, పూటపూటకూ నీళ్లు మార్చడం వెనుక మరొక ప్రయోజనం ఉంది. చెరువు చేపలో కొన్నిసార్లు వచ్చే మట్టి వాసనకు ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. నీటిలోని నీలి ఆకుపచ్చ నాచు, కొన్ని రకాల సూక్ష్మజీవులు దానిని తయారు చేస్తాయి. అది చేప ఒంట్లోకి చేరి, ముఖ్యంగా కొవ్వులో నిలిచిపోతుంది. తొలకరి చినుకులు పడగానే నేల నుంచి లేచే కమ్మని వాసనకు మూలం కూడా ఇదేనని తెలిసినప్పుడు నాకు ఎంతో ఆశ్చర్యం కలిగింది. ప్రాణంతో ఉన్న చేపను శుభ్రమైన బావి నీటిలో ఉంచితే ఆ వాసన క్రమంగా తగ్గుతుంది, కడుపు కూడా ఖాళీ అవుతుంది. మిగిలిన పని పులుపు చేస్తుంది. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోయి వాసన లేని పదార్థంగా మారుతుంది. చెరువు చేపకు చింతపండును జత చేసినవారికి ఈ రసాయన శాస్త్రం తెలియకపోయినా, వారి నాలుకకు ఆ సత్యం తెలుసు.

ఇక శుభ్రం చేయడం దగ్గరికి వద్దాం. కొర్రమీను ఒంటిమీద జిగురు ఎక్కువ, చేతికి చిక్కదు. రోకలితో తలమీద ఒక్క దెబ్బ గట్టిగా వేసి, చేపను క్షణంలో చంపడమే దాని పట్ల చూపగలిగిన దయ. ఆ తర్వాత పొయ్యి బూడిద చల్లి పట్టుకుంటే జారదు. తోకవైపు నుంచి తలవైపుకు పొలుసు గీకి, గరుకు బండమీద దొడ్డుప్పు వేసి చర్మం తెల్లబడేదాకా రుద్దాలి. ఈ రుద్దుడు దగ్గర తొందరపడితే ఆ జిగురు పులుసులోకి దిగి నీచు వాసన వేస్తుంది. రెక్కలు, మొప్పలు తీసేసి, పొట్ట కోసేటప్పుడు కత్తిని లోతుగా దించకుండా పైపైనే నడపాలి. లోపల కాలేయాన్ని అంటుకొని ఆకుపచ్చని చేదుతిత్తి, అంటే పిత్తం ఉండే సంచి, ఉంటుంది. అది పగిలితే తగిలిన మాంసమంతా చేదెక్కుతుంది. రోహు, బొచ్చె, గడ్డిచేపల విషయంలో ఈ జాగ్రత్త రుచితో ఆగేది కాదు. వాటి పిత్తంలో మూత్రపిండాలను దెబ్బతీసే విషం ఉంటుంది, అది ఉడికించినా పోదు. నాటుమందు పేరుతో పచ్చి పిత్తాన్ని మింగి ఆసుపత్రి పాలైనవారు ఉన్నారు కాబట్టి, దానిని ఎవరు ఏ వ్యాధికి మంచిదని చెప్పినా వినవద్దని పాఠకులను మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

పొట్ట లోపలి గోడను అంటుకొని ఉండే నల్లటి పొరను, వెన్నుముల్లు వెంట గడ్డకట్టిన నెత్తురును వేలితో గీకి పూర్తిగా తీసేయాలి. అంగట్లో కోయించుకొనేవారు ఈ రెండింటినీ ఇంటికి వచ్చాక తప్పక చూసుకోవాలి, ఎందుకంటే అక్కడి హడావుడిలో ఇవి తరచుగా మిగిలిపోతాయి. చేపను నిండుగా ఉన్నప్పుడే బాగా కడిగి, ఆ తర్వాత ముక్కలు కోయడం మా ఇంటి ఆచారం. కోసిన ముక్కలను నీళ్లలో నానబెడితే రుచి ఆ నీళ్లతోనే పోతుంది. ఉప్పు, పసుపు, కొద్దిగా మజ్జిగ పట్టించి ఒక్కసారి తొలిపి, నీరు వార్చి, మళ్లీ ఉప్పు, పసుపు, కారం రాసి గంటసేపు పక్కన ఉంచుతాను. అప్పుడే చంపిన చేప మాంసం బిగువుగా ఉండి, వేడి తగలగానే ముడుచుకుపోతుంది. ఆ గంట విరామంలో ఉప్పు ముక్కలోకి పడుతుంది.

పులుసుకు కిలో ముక్కలకు పెద్ద నిమ్మకాయంత పాత చింతపండు నానబెడతాను. కొత్త చింతపండులో తీపి ఛాయ ఉంటుంది, పాతదానిలో పులుపు నిలకడగా, రంగు ముదురుగా ఉంటుంది. రెండు ఉల్లిగడ్డలను నిప్పులమీద కాల్చి, రెండు చెంచాల ధనియాలు, అర చెంచా మెంతులు, చెంచా జీలకర్ర, చిన్న ఎండుకొబ్బరి ముక్క విడివిడిగా వేయించి, అన్నిటినీ కలిపి మెత్తగా నూరుతాను. మెంతులు గోధుమ రంగు రాగానే దించాలి, నల్లబడితే పులుసంతా చేదవుతుంది. వెడల్పాటి మట్టిపాత్రలో నువ్వుల నూనె ధారాళంగా పోసి, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, అల్లం వెల్లుల్లి వేగాక ఆ ముద్దను నూనె తేలేదాకా వేయించి, కారం, ఉప్పు, చింతపండు రసం కలపాలి. పులుసు ముక్క పడకముందే పదిహేను నిమిషాలు మరిగి, పచ్చి వాసన పోయి, కాస్త చిక్కబడాలి. చాలామంది ముక్కలను మొదటే వేసి పులుసుతో పాటు మరిగిస్తారు. అప్పుడు పులుసు కుదిరేసరికి చేప విడిపోతుంది. ముక్కలు వేశాక గరిటె ముట్టుకోకుండా, గుడ్డతో పాత్ర అంచులు పట్టుకొని మెల్లగా తిప్పాలి. సన్నని మంటమీద పది పన్నెండు నిమిషాలు చాలు. చెరువు చేపలో పరాన్నజీవులు ఉండే అవకాశం ఉంటుంది కాబట్టి, మధ్య ముల్లు దగ్గర మాంసం తెల్లబడి, ముల్లును వదులుతున్నదో లేదో చూసి మరీ దించాలి. గరం మసాలా నేను వేయను. తాజా చేపకు దానితో పని లేదు. ఉదయం వండి సాయంత్రం తింటే పులుపు ముక్కలోకి దిగి మరింత బాగుంటుంది.

బొచ్చె దొరికితే పద్ధతి కొంత మారుతుంది. దాని తల పెద్దది, కొవ్వు అక్కడే ఎక్కువ. తలను రెండుగా చీల్చి పులుసులో ముందుగా వేస్తే పులుసుకే బలం వస్తుంది. తోకవైపు ముక్కల్లో చీలిన సన్నని ముళ్లు ఎక్కువగా ఉంటాయి కనుక వాటిని పెద్దవాళ్లకు ఉంచి, పిల్లలకు పొట్టవైపు ముక్కలు ముల్లు తీసి పెట్టాలి. రోహు నాకు వేపుడులోనే ఇష్టం. ముక్కకు రెండువైపులా గాట్లు పెట్టి, ఇనుప పెనంమీద కొద్ది నూనెతో ఓపికగా కాలిస్తే గాట్ల దగ్గర చిన్న ముళ్లు కూడా కరకరలాడతాయి.

మృగశిర కార్తె నాడు చేప తినాలన్నది తెలంగాణలో దాదాపు ప్రతి ఇంటి నియమం, ఆ రోజు అంగళ్లలో కాలు పెట్టడానికి చోటుండదు. నేనూ ఆ నియమాన్ని పాటిస్తాను. కానీ తొలకరి నీటికి కొర్రమీను గుడ్లు పెట్టి, ఎర్రగా గుంపుకట్టి తిరిగే పిల్లలకు తల్లిదండ్రులు కాపలా కాసే కాలం కూడా అదే. పిల్లల గుంపును బట్టి పెద్ద చేపను కనిపెట్టి పట్టేవారున్నారు. అలా పట్టిన చేపను కొనకపోవడం మంచిది, ఎందుకంటే కాపలా పోయిన పిల్లలను మిగతా చేపలు మింగేస్తాయి. ఆ రోజుకు బొచ్చెనో రోహునో తెచ్చుకుంటే నియమమూ తీరుతుంది.

వల చివర మిగిలే పరిగెలను, అంటే వేలెడంత చిన్న చేపలను, చాలామంది చిన్నచూపు చూస్తారు, నాకు మాత్రం అవంటే ప్రాణం. తలలు తుంచి, పొట్ట నొక్కి లోపలిది తీసి, దొడ్డుప్పుతో గిన్నెలోనే రుద్ది కడగాలి. చెరువులు ఎండే రోజుల్లోనే చింతచిగురు కూడా వస్తుంది కాబట్టి వీటికి చింతపండు వద్దు. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి నూనెలో మగ్గించి, పరిగెలు పరిచి, చేత్తో నలిపిన చింతచిగురు పైన చల్లి, నీళ్లు పోయకుండా మూతపెట్టి సన్నని సెగమీద ఉంచితే చేపలోని తడితోనే అవి ఉడుకుతాయి. తడి ఇగిరి నూనె అంచులకు చేరగానే దించి, వేడి జొన్నరొట్టెతో వడ్డించాలి. ముళ్లు మెత్తబడి ఉంటాయి కనుక వాటిని తీయనక్కరలేదు.